మన ఊరి కేబుల్‌లో తెలుగు చానల్ – చట్టం ఏమంటోంది?



మన ట్రస్టు విద్యార్థి వేతనాల ముఖాముఖిలో నేను కూర్చున్నప్పుడల్లా పిల్లలను ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతాను. "తెలుగు ఇంత చక్కగా మాట్లాడుతున్నావు, ఎక్కడ నేర్చుకున్నావమ్మా?" అని. కొందరు "ఇంట్లో నాయనమ్మ దగ్గర" అంటారు. చాలామంది మాత్రం "టీవీ చూసి నేర్చుకున్నాను సార్" అంటారు. మరాఠీ, కన్నడ, తమిళ, ఒడియా మాధ్యమాల్లో చదివే మన పిల్లలకు తెలుగు పాఠ్యపుస్తకం దొరకదు. బడిలో తెలుగు మాస్టారు ఉండడు. ఇంటి బయట పిల్లల చెవిన తెలుగు పడే దారి టీవీ ఒక్కటే అన్న ఇళ్ళు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ టీవీలోకి తెలుగు వస్తుందా రాదా అన్నది ఎవరు నిర్ణయిస్తారు? దీనికి ఒక చట్టం ఉంది. దానిని గురించి నాకు తెలిసినంతలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నాయనమ్మ అడిగిన ప్రశ్న

మాది షోలాపూర్. మా ముత్తాత మగ్గం పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి ఇక్కడికి వచ్చాడు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న రోజుల్లో, అంటే 2003 ప్రాంతంలో, మా ఇంట్లో మీటలు నొక్కే పాత టీవీ ఉండేది. సాయంత్రం దూరదర్శన్ తెలుగు వార్తలు రాగానే నాయనమ్మ పని పక్కన పెట్టి వచ్చి కూర్చునేది. ఆమెకు చదువు రాదు. మరాఠీ బజారు పనికి సరిపడా వచ్చు, వార్తలు అర్థమయ్యేంత రాదు.

ఒకరోజు ఆ చానల్ చోట ఏదో కొత్త చానల్ వచ్చింది. "ఏమైంది బిడ్డా, మన వార్తలు రావేంది?" అని నాయనమ్మ అడిగింది. మరుసటి రోజు నేను కేబుల్ ఆపరేటరు దగ్గరికి వెళ్ళాను. ఆయన కోప్పడలేదు. "దూరదర్శన్ చానళ్ళు వేయాలని చట్టం ఉంది, వేస్తున్నాను. మరాఠీ చానల్ కూడా వేస్తున్నాను. తెలుగు వేయాలని ఎక్కడ రాసి ఉంది, చూపించు" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రమే కాలేజీ గ్రంథాలయంలో ఆ చట్టం వెతికి చదివాను. చట్టం అనే పుస్తకం నా అంతట నేను తెరవడం అదే మొదటిసారి.

ఇంతకూ ఈ నిబంధన ఎందుకు?

కేబుల్ ఆపరేటరు కంట్రోల్ రూమ్‌లో డిష్‌లు పెట్టి ఉపగ్రహాల నుంచి చానళ్ళను పట్టి, ఒక్కో చానల్‌ను ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద తీగలోకి ఎక్కిస్తాడు. పాత అనలాగ్ పద్ధతిలో తీగలో చోటు తక్కువ. మా ఇంట్లో ఉన్నలాంటి టీవీలైతే పన్నెండు చానళ్ళకు మించి పట్టేవి కావు. పై ఫ్రీక్వెన్సీల్లో ఉన్న చానల్ కొన్ని టీవీల్లో అసలు రాదు, కొన్నింట్లో బొమ్మ మసకగా వస్తుంది. అందుచేత ముందు వరుసలోని చోటుకు గిరాకీ ఎక్కువ. ఆ చోటు కోసం ప్రైవేటు చానళ్ళు ఆపరేటర్లకు డబ్బు చెల్లించేవి. దీనిని క్యారేజ్ ఫీజు అంటారు. దూరదర్శన్ ఇలా డబ్బు ఇవ్వదు. ఇక ఆపరేటరు ఎవరిని ముందు కూర్చోబెడతాడో, ఎవరిని వెనక్కి నెడతాడో చెప్పనక్కరలేదు.

ఇలా జరగకుండా "ఫలానా చానళ్ళకు నీ తీగలో చోటు ఇచ్చి తీరాలి" అని చట్టం చెప్పడాన్ని ఆంగ్లంలో 'మస్ట్ క్యారీ' అంటారు. మనం 'తప్పనిసరి ప్రసార నిబంధన' అనుకుందాం.

ఈ మాట ముందుగా అమెరికాలో పుట్టింది. కేబుల్ సంస్థలు తమ ప్రాంతంలోని స్థానిక టీవీ కేంద్రాలను తప్పక చూపించాలని అక్కడి సమాచార కమిషన్ 1965, 66ల్లో నియమాలు చేసింది. కేబుల్ సంస్థలు కోర్టుకు వెళ్ళాయి. ఏ చానల్ చూపించాలో ప్రభుత్వం చెబితే తమ వాక్‌స్వాతంత్ర్యం ఏమవుతుందని వాదించాయి. 1985లో, మళ్ళీ 1987లో అప్పీలు కోర్టు ఆ నియమాలను కొట్టివేసింది. 1992లో అమెరికన్ కాంగ్రెస్ అదే నిబంధనను చట్టంగా తెచ్చింది. 1997లో అక్కడి సుప్రీంకోర్టు 5–4 మెజారిటీతో దానిని సమర్థించింది. అప్పటికి అక్కడ సుమారు 40 శాతం ఇళ్ళకు కేబుల్ లేదు. యాంటెన్నా పెట్టుకుని ఉచితంగా చూసే ఆ ఇళ్ళకు స్థానిక కేంద్రాలే దిక్కు. కేబుల్ ఇళ్ళలో ఆ కేంద్రాలు కనిపించకపోతే వాటికి ప్రకటనలు తగ్గుతాయి, చివరకు అవి మూతపడవచ్చు. అప్పుడు నష్టపోయేది కేబుల్ లేని ఇల్లే. ఆ చట్టాన్ని సమర్థించిన వాదనలో ముఖ్యమైనది ఇదే.

మన దేశంలో

మన దగ్గర 1995లో కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్‌ల (నియంత్రణ) చట్టం వచ్చింది. ఈ విషయం దాని 8వ సెక్షన్‌లో ఉంది. మొదట ఆపరేటరు తనకు నచ్చిన రెండు దూరదర్శన్ చానళ్ళు వేస్తే చాలన్నారు. 2000లో సవరించి, రెండు దూరదర్శన్ భూతల చానళ్ళను, ఒక రాష్ట్రపు ప్రాంతీయ భాషా చానల్‌ను ముందు వరుసలో, అంటే 'ప్రైమ్ బ్యాండ్'లో, వేయాలన్నారు. ఆ చానళ్ళలోని ఏ కార్యక్రమాన్నీ కత్తిరించకూడదు, మార్చకూడదు.

ఇక్కడే మన సమస్య ఉంది. "ఒక రాష్ట్రపు ప్రాంతీయ భాష" అంటే ఏది? మా ఆపరేటరు మరాఠీ అనుకున్నాడు. మహారాష్ట్రలో అలా అనుకోవడం తప్పని ఎలా అంటాం? 2011 సవరణ ఆ సందేహం కూడా తీర్చేసింది. డిజిటల్ పద్ధతి రాని ప్రాంతాల్లో ముందు వరుసలో వేయవలసింది "ఆ నెట్‌వర్కు ఉన్న రాష్ట్రపు" ప్రాంతీయ భాషా చానల్ అని స్పష్టంగా రాశారు. అంటే హోసూరులో తమిళం, కోలారులో కన్నడం, బరంపురంలో ఒడియా. ఆ చానళ్ళు రావడం మంచిదే. మనం ఉన్న రాష్ట్రం భాష మన పిల్లలకు అన్నం పెట్టే భాష. కానీ తరతరాలుగా అక్కడే ఉన్న మన ఇంటి భాష ఆ వాక్యంలో లేదు. యానాం సంగతి ఇంకా చిత్రం. ఊరంతా తెలుగు, పాలన పుదుచ్చేరిది. అక్కడ "రాష్ట్రపు భాష" అన్న మాటకు ఏ అర్థం చెప్పుకోవాలి? రాష్ట్రాల సరిహద్దులను చూసి రాసిన చట్టానికి సరిహద్దు ఇవతల మిగిలిన మనుషులు కనిపించరు. చట్టం రాసినవారికి మన మీద కోపం ఉండి కాదు. మేమున్నామని చెప్పేవారు లేకపోవడం వల్ల ఇలా జరుగుతుంది.

డిజిటల్ వచ్చాక

అదే 2011 సవరణ మనకు మేలు కూడా చేసింది. కేబుల్ అంతా డిజిటల్ కావాలన్నది. 2012లో మహానగరాలతో మొదలుపెట్టి దశలవారీగా సెట్‌టాప్ బాక్సులు వచ్చాయి. గ్రామాలతో కూడిన చివరి దశకు 2017 మార్చి 31 గడువు పెట్టారు. పాత పద్ధతిలో ఒక చానల్ పట్టే చోటులో డిజిటల్‌లో పదీ పన్నెండు పడతాయి. చోటు పెరిగింది కనుక, తప్పక వేయవలసిన దూరదర్శన్ చానళ్ళ పేర్లను కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించే వీలు కల్పించారు. ఆ జాబితాలో దూరదర్శన్ ప్రాంతీయ భాషా చానళ్ళు, పార్లమెంటు చానల్ చేరాయి. రాష్ట్ర విభజన తరువాత 2014 నుంచి తెలంగాణకు యాదగిరి, ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి అని తెలుగులో రెండు దూరదర్శన్ చానళ్ళున్నాయి. తప్పనిసరి చానళ్ళలో ఈ రెండూ ఉన్నాయి. కాబట్టి షోలాపూర్‌లోనైనా, రాయగడలోనైనా డిజిటల్ కేబుల్ ఉన్న ఇంట్లో ఇవి రావాలి. ఇవి ఉచిత చానళ్ళు, వీటికి విడిగా ధర లేదు.

ప్రైవేటు తెలుగు చానళ్ళ విషయం వేరు. వాటిని తప్పక వేయాలని 8వ సెక్షన్ చెప్పదు. 2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ చేసిన నిబంధనల ప్రకారం చానల్ యజమాని అడిగితే, చోటు ఉన్నంత వరకు పంపిణీదారు వివక్ష లేకుండా ఇవ్వాలి. క్యారేజ్ ఫీజుకు అప్పుడు పెట్టిన పరిమితి సాధారణ చానల్‌కు ఒక్కో చందాదారుకు నెలకు 20 పైసలు. చందాదారుల్లో 20 శాతం మంది, అంతకు మించి ఆ చానల్ ఎంచుకుంటే ఫీజు అసలు ఉండదని అప్పుడు నిర్ణయించారు. దీనిని బట్టి చూస్తే, తక్కువమంది చూసే భాషకే ఫీజు భారం. దూరదర్శన్ తెలుగు చానళ్ళు జాబితాలో ఉండడం మనకు ఎందుకు అంత అవసరమో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నిబంధనకు హద్దులు కూడా ఉన్నాయి. క్రికెట్ ఇష్టపడే విద్యార్థులు ఇది గమనించాలి. 2007 చట్టం ప్రకారం జాతీయ ప్రాముఖ్యం గల ఆటల ప్రసారాన్ని ప్రైవేటు సంస్థలు ప్రసార భారతికి పంచాలి. దూరదర్శన్ తప్పనిసరి చానల్ కనుక అది కేబుల్‌లోకి కూడా వచ్చేది. 2017 ఆగస్టు 22న సుప్రీంకోర్టు అలా కుదరదని తీర్పు చెప్పింది. పంచుకున్న ఆ ప్రసారం దూరదర్శన్ సొంత భూతల ప్రసారానికి, సొంత డిటిహెచ్‌కు మాత్రమే పరిమితమన్నది. ఒకరి హక్కు ఎక్కడ ముగిసి మరొకరి హక్కు ఎక్కడ మొదలవుతుందో కోర్టులు ఇలా గీత గీస్తూ ఉంటాయి.

మనం చేయగలిగినది

1. సెట్‌టాప్ బాక్సులో దూరదర్శన్ చానళ్ళున్న వరుసలో యాదగిరి, సప్తగిరి ఉన్నాయేమో ముందు చూడండి. నంబర్లు సంస్థను బట్టి మారతాయి.

2. లేకపోతే ఆపరేటరును మర్యాదగా అడగండి. చాలాసార్లు అంతటితోనే పని అవుతుంది.

3. కాకపోతే కేబుల్ సంస్థ ఫిర్యాదు కేంద్రానికి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. తరువాత ఆ సంస్థ నోడల్ అధికారికి రాయండి.

4. 8వ సెక్షన్ అమలు చూసే అధీకృత అధికారి మన జిల్లా కలెక్టరే. పోలీసు కమిషనరేట్ ఉన్న నగరాల్లో కమిషనరు కూడా. ఆయనకు రాసే ఉత్తరం ఆ రాష్ట్ర భాషలోనే రాయండి. మన పిల్లలకు ఆ భాష బాగా వచ్చు కదా!

5. నెలనెలా కేబుల్ చందా భారమైన ఇళ్ళకు దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది. డిష్, బాక్సు ఒకసారి కొనుక్కుంటే నెలసరి రుసుము లేదు. తెలుగు దూరదర్శన్ చానళ్ళు అందులోనూ వస్తాయి.

మా నాయనమ్మకు ఆ రోజు నేను చట్టం చదివి వచ్చి ఏం చెప్పగలిగాను? "మన భాష పేరు అందులో లేదు నాయనమ్మా" అన్నాను. "పేరు లేకుంటే రాయించుకోవాలె బిడ్డా" అన్నది. మా వాడలో ముప్పై ఇళ్ళవాళ్ళం సంతకాలు పెట్టి ఆపరేటరుకు కాగితం ఇచ్చాము. చట్టబలం లేని కాగితమే అది. కానీ ముప్పై ఇళ్ళ చందా అంటే అతనికీ లెక్కే కదా. రెండు వారాలకు చానల్ తిరిగి వచ్చింది, వెనక వరుసలో, కాస్త మసకగా. నాయనమ్మ దగ్గరగా జరిగి కూర్చుని చూసేది.

మన పిల్లల్లో కొందరు రేపు ఇంజనీర్లవుతారు, కొందరు న్యాయవాదులవుతారు, కొందరు ప్రభుత్వ కార్యాలయాల్లో కూర్చుని ఇలాంటి వాక్యాలే రాస్తారు. అప్పుడు సరిహద్దు ఇవతల ఉన్న ఇళ్ళను కూడా గుర్తుంచుకోవాలని నా మనవి.

సెలవు.