ఆయిల్ త్రాగు ఇంజను

విజయవాడ జవహర్ ఆటోనగరమునందలి మెకానిక్కులకు ‘ఆయిల్ తాగుతోందండీ’ అను ఫిర్యాదు చిరపరిచితము. కొంత వ్యయము ఇంజనుకు సహజమే; 1000 కిలోమీటర్లకు ఒక లీటరు వరకు సైతము సమ్మతించు తయారీదారులు కలరు. అంతకు మించినచో, ఇంజను బోరునకు (సిలిండరును తొలిపించు పనికి) వచ్చినదని భీతిల్లక, కారును సమతలమున నిలిపి, ఇంజను ఆపిన కొన్ని నిమిషములకు డిప్‌స్టిక్‌తో మట్టము చూచి, చాంబరు క్రింద, సీళ్ల చెంత కారుచున్నదేమో పరిశీలింపవలెను.

కారుట లేనిచో పొగయే ప్రధాన సాక్షి. రాత్రియంతయు నిలిచిన కారు ఉదయము స్టార్టు చేయగనే నీలిపొగ వెడలి, పిదప తేటపడినచో వాల్వు సీళ్లు గట్టిపడినవని అనుమానింపవచ్చును. బందరు రోడ్డున వేగము పెంచినపుడెల్ల నీలిపొగ వచ్చుచున్నచో పిస్టన్ రింగులు అరిగియో, మసిచే బిగిసియో యుండును. పెట్రోలు కారునందు, కంప్రెషన్ తగ్గిన సిలిండరులో చెంచాడు ఆయిల్ పోసి మరల కొలిచినపుడు పీడనము హెచ్చినచో దోషము రింగులదిగనో, సిలిండరు గోడలదిగనో భావింపవలెను. హెచ్చనిచో వాల్వులనో, హెడ్ గాస్కెట్‌నో శోధింపవలెను.

ఇంజనులోని ఆవిరులను మరల లోనికి పంపు పి.సి.వి. వాల్వు చెడినను ఆయిల్ తరుగును. అది అల్పవ్యయముతో మార్చదగిన భాగము. దానిని చూడకయే ఇంజను విప్పుట యజమానికి అన్యాయము. మరమ్మతు జరుగువరకు ఆయిల్ మట్టమును క్రింది గీతకు దిగనీయకుడు.