చలికీ ఎండకూ నడుమ పెరటి మడి

మాఘమాసపు తెల్లవారుజామున ఆదిలాబాదు సీమలో పెరటి మట్టిని ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోతాయి. మూడు నెలలు తిరిగేసరికి అదే మట్టి మిట్టమధ్యాహ్నం పాదం మోపనివ్వదు. చలికాలపు రాత్రులలో ఉష్ణమానం 10 డిగ్రీలకు దిగువకు జారి, వేసవిలో 45 డిగ్రీలను అందుకొనే ఈ ఉత్తర తెలంగాణలో, వేసవి కూరపాదు పెట్టదలచిన గృహస్థునకు ప్రకృతి ఇచ్చే గడువు బహు స్వల్పం. చలి వదలని నేలలో వేసిన విత్తు మొలవక కుళ్ళుతుంది. ఎండ ముదిరిన తరువాత వేసినది మొలచినా నిలువదు. రథసప్తమికీ మహాశివరాత్రికీ నడుమనున్న సుమారు మూడు వారాలే ఆ గడువు.

ఆ మూడు వారాలలోనూ రాత్రిచలి పూర్తిగా పోదు గనుక విత్తనాన్ని కొంత మభ్యపెట్టవలసి ఉంటుంది. ఆనిగెపు, బీర, కాకర గింజలను ఒక రాత్రి నానవేసి, తడిగుడ్డలో మూటగట్టి, పొయ్యికి దాపుననో గడ్డివాములోనో వెచ్చగా ఉంచితే నాలుగైదు రోజులలో మోసు కనబడుతుంది. అప్పుడు పాదులో పెట్టాలి. పాదుకు మూరెడు లోతు గొయ్యి, అందులో బాగా చివికిన పెంట ఎరువు చాలును. నాలుగు గింజలు పెట్టి, బలమైన రెండు మొలకలను ఉంచుకోవాలి. రెండాకుల దశలో ఎర్రపెంకు పురుగు వాలి ఆకును జల్లెడ చేస్తుంది. పొద్దున్నే మంచు ఆరకముందు బూడిద చల్లే అలవాటు ఈ పురుగును దృష్టిలో ఉంచుకొని ఏర్పడినదే.

ఇక నీరు. గోదావరిపై శ్రీరామసాగరానికి 1963లో శంకుస్థాపన జరిగింది. కాకతీయ కాలువ గోదావరి నీటిని కరీంనగరు పొలాలకు తెచ్చింది. కాని కాలువ పొలానికి వచ్చిందే తప్ప పెరటికి రాలేదు. పెరటి మడికి ఆధారం ఇంట్లో ఒకసారి వాడిన నీరే. బియ్యం, కూరలు కడిగిన నీరు ఏ పాదుకైనా మేలు. స్నానాల నీరు అరటికి, కల్యామాకు చెట్టుకు పోవచ్చును. సబ్బు, సోడా కలిసిన బట్టల నీటిని మాత్రం ఆకుకూరల మడిలోకి వదలరాదు. ఆ క్షారం నేలను బిగదీస్తుంది.

నీరు పోసే తీరు నేలనుబట్టి మారుతుంది. కరీంనగరు ప్రాంతంలో విస్తారంగా ఉన్న ఎర్రని చెల్క నేల తాగిన నీటిని నిలుపుకోలేదు. కొద్దికొద్దిగా, తరచుగా పోయాలి. ఆదిలాబాదు నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది, కాని ఎండితే నెర్రెలు విచ్చి వేళ్ళను తెంపుతుంది. అందుచేత అక్కడ నీటికంటె ముఖ్యమైనది పైమట్టిని గుల్లచేసి ఎండుగడ్డి కప్పడం.

రెండింటికీ సరిపడే ఉపాయం ఒకటున్నది. కాల్చిన మట్టికుండను మెడవరకు పాతి, నీరు నింపి, మూకుడు మూసి, చుట్టూ గింజలు పెట్టడం. కుండ చెమర్చినకొద్దీ వేళ్ళు ఆ తేమను వెతుక్కుంటూ దానిని అల్లుకుంటాయి. కుండ కొత్తది కావలెను. పాతకుండ రంధ్రాలు పూడిపోయి చెమర్చదు. క్రీస్తుపూర్వం మొదటి శతాబ్దంలోనే చీనా దేశపు వ్యవసాయవేత్త ఫాన్ షెంగ్జి దోసజాతి తీగలకు ఈ పద్ధతిని వివరించాడు. ఇంత చౌకైన సాధనం రెండువేల ఏండ్ల తరువాత కూడా మన పెరళ్ళలో అరుదుగా కనిపించడం విచిత్రమే.

తీగ పందిరి ఎక్కి పూలు విరగబూసినా పిందె కానరాలేదని చాలామంది దిగులుపడతారు. తొలుత పూసేవి మగపూలే. పగలు పెరిగి వేడి హెచ్చినకొద్దీ వాటి సంఖ్య మరింత పెరుగుతుంది. పువ్వు వెనుక చిన్న కాయ ఆకారం ఉంటే అది ఆడపువ్వు. ఆనిగెపు, బీర పూలు సాయంకాలం విచ్చుతాయి. కాకర, దోస పూలు ఉదయమే విచ్చుతాయి. తేనెటీగలు, రెక్కల పురుగులు రాని ఇళ్ళలో మగపువ్వును కోసి, రేకులు తీసి, దాని పుప్పొడిని ఆడపువ్వుకు అద్దితే కాయ నిలుస్తుంది. వృక్షశాస్త్ర పాఠానికి ఇంతకంటె మంచి ప్రయోగశాల ఏ విద్యార్థికి దొరుకుతుంది?

టమాటా ఈ ఎండకు ఓర్వదు. 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చెడి, పూత రాలుతుంది. చైత్రం దాటాక దాని కోసం నీరు వ్యర్థం చేయడం కంటె ఆ మడిని గంగవాయిలికి, గోకరకు ఇవ్వడం తెలివైన పని.

బెండ కథ వేరు. వేసవిలో తెల్లదోమ పెరిగి, ఆకు ఈనెలను పసుపుపచ్చగా మార్చే తెగులును వ్యాపింపజేస్తుంది. 1960 ప్రాంతంలో ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ నుండి హర్భజన్ సింగ్ రూపొందించిన పూసా సవానీ వచ్చి కొంతకాలం దీనిని తట్టుకున్నది, తరువాత లొంగిపోయింది. 1980ల దశకంలో దానినే మరొక బెండజాతితో సంకరపరచి పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం పర్భణీ క్రాంతిని వెలువరించింది. 1956 వరకు కరీంనగరు, ఆదిలాబాదులతో పాటు హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండిన పర్భణీ, మన ఎండను ఎరిగిన ఊరు. పైగా ఇది హైబ్రిడ్ కాదు. ముదిరిన కాయ నుండి గింజ తీసి మరుసటి ఏడు వేసుకోవచ్చును.

ఉపాధ్యాయులను బాధించే చిక్కు మరొకటున్నది. 2019లో కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ పాఠశాలల పోషకాహార తోటలకు మార్గదర్శకాలు వెలువరించింది. అంతకు ఎన్నో ఏండ్ల ముందు, 1937లో, వార్ధాలో గాంధీజీ పనితో ముడిపడిన చదువును ప్రతిపాదించారు. ఆ ఊరి పేరుగల నదియే ఆదిలాబాదు సీమకు ఎల్లగా పారుతున్నది. ఆశయం మంచిదే. కాని ఫిబ్రవరిలో పెట్టిన పాదు కాపుకు వచ్చేది ఏప్రిల్ చివరలో. బడికి సెలవులిచ్చేదీ అప్పుడే. నీరు పోసే చేతులు ఇంటికి వెళ్ళిపోతాయి, తీగ పందిరి మీదనే మాడిపోతుంది. ఎండిన తీగను చూచి మొదటి రోజే పిల్లవాడు నేర్చుకొనే పాఠం నిరాశ తప్ప వేరు కాదు. కావున బడిలో మునగ, కల్యామాకు వంటి ఓర్పుగల చెట్లను ఉంచి, తీగల పాదులను శివరాత్రికి ముందే పిల్లల ఇళ్ళకు మార్చడం మేలు. విత్తిన తేదీ, మొదటి మగపువ్వు, మొదటి ఆడపువ్వు, మొదటి కోత, ఈ నాలుగింటిని పుస్తకంలో వ్రాసుకొమ్మంటే సెలవుల పని సిద్ధమైనట్లే.

మొదట కాసిన మంచి ఆనిగెపుకాయను మాత్రం ఎవరూ కోయరాదు. దానికొక గుడ్డపీలిక కట్టి ఇంటిల్లిపాదికీ చెప్పి ఉంచాలి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు తీగ వడలినా, ఆ కాయ తొక్క గట్టిపడి లేతపసుపు రంగుకు తిరుగుతుంది. గోండు, కొలాము గూడేలలో ఎండిన బుర్ర నీళ్ళకు పాత్రగా ఉపయోగపడుతూ వచ్చింది. గింజకు అదే పెట్టె. మృగశిర కార్తె ప్రవేశించి, జూన్ రెండవ వారంలో బడులు తెరిచే నాటికి, చూరుకు వేలాడదీసిన ఆ బుర్రను చెవి దగ్గర ఆడిస్తే లోపల గింజలు గలగలలాడుతాయి.