ప్రభుత్వమే బీమా చేయిస్తే బ్రోకరుతో పనేమిటి?



మన ఆసుపత్రి బిల్లుల కిటికీ దగ్గర రోజూ రెండు రకాల కుటుంబాలను చూస్తుంటాం. కొందరి చేతిలో ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంటుంది. వారి పక్కన ఆరోగ్యమిత్ర నిలబడి కాగితాలు సరిచూస్తారు. మరికొందరి చేతిలో ప్రైవేటు కంపెనీ పాలసీ ఉంటుంది. వారు ఫోను చెవికి ఆనించుకుని, "ఏజెంటు గారూ, ఒక్కసారి ఆసుపత్రికి వచ్చి వెళ్ళండి" అని బతిమాలుతుంటారు.

ప్రభుత్వ ఆరోగ్య బీమాలో వస్తున్న మార్పుల గురించి ప్రభుత్వం చెప్పింది విన్నాం, ఆసుపత్రుల వాదన విన్నాం. పాలసీలు అమ్మేవారు ఏమనుకుంటున్నారో ఎవరూ అడగలేదు. అందుకే రాజమండ్రి, భీమవరం, అమలాపురం ప్రాంతాల బ్రోకర్లతోను, ఏజెంట్లతోను మాట్లాడాం. పేర్లు వేయవద్దన్నారు. వేయడం లేదు.

ఏజెంటు వేరు, బ్రోకరు వేరు

మన ఊళ్ళలో ఇద్దరినీ ఏజెంటు గారనే పిలుస్తాం. కాని చట్టం దృష్టిలో ఏజెంటు కంపెనీ తరఫు మనిషి. బ్రోకరు పాలసీ కొనేవారి తరఫు మనిషి. నాలుగు కంపెనీల పాలసీలు పోల్చి చూపించి, క్లెయిము సమయంలో సాయపడడం ఆయన బాధ్యత. బీమా నియంత్రణ సంస్థ 2002లో నిబంధనలు తెచ్చిన తరువాతే మన దేశంలో బ్రోకర్లకు లైసెన్సులు ఇవ్వడం మొదలయింది. ఇద్దరికీ ఆదాయం కంపెనీ ఇచ్చే కమీషనే. ఆ కమీషను మనం కట్టే ప్రీమియంలోనిదే. ఈ సంగతి గుర్తుంచుకునే వారి మాటలు వినాలి.

2007 నాటి భయం

రాజీవ్ ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలయింది. అదే ఏడాది డిసెంబరులో ఉభయ గోదావరి జిల్లాలకు వచ్చింది. తెల్లకార్డు కుటుంబానికి ఏడాదికి లక్షన్నర రూపాయలు, అవసరమైతే అదనంగా మరో యాభై వేలు. టెండరు ద్వారా ఒక ప్రైవేటు బీమా కంపెనీని ఎంపిక చేసి, ప్రీమియం మొత్తం ప్రభుత్వమే కట్టింది. ఒక్కొక్క ఇంటికి వెళ్ళి పాలసీ అమ్మే పని లేదు కనుక మధ్యలో ఏజెంటుకు చోటు లేదు.

"ఇక మన బతుకు తెరువు పోయిందనుకున్నాం" అన్నారు రాజమండ్రి బ్రోకరు ఒకరు. "తీరా చూస్తే ఆ తెల్లకార్డు కుటుంబాలు ఎప్పుడూ మా ఖాతాదారులు కారు. ఏడాదికి వేల రూపాయల ప్రీమియం వాళ్ళెక్కడ కట్టగలరు? పైగా ఆరోగ్య బీమా అంటే ఏమిటో పల్లెల్లో మేము విడమరచి చెప్పే పని తప్పింది."

2008 జూలైలో ఆరోగ్యశ్రీ రెండో దశను కంపెనీతో పని లేకుండా ట్రస్టే నేరుగా చేపట్టింది. పోను పోను పథకమంతా ట్రస్టు చేతిలోకి వచ్చింది. 2020 జనవరి 3న ఏలూరులో మొదలుపెట్టి, బిల్లు వెయ్యి రూపాయలు దాటిన చికిత్సలకు పథకాన్ని వర్తింపజేసే ప్రయోగం పశ్చిమ గోదావరి జిల్లాలోనే జరిగింది. ఏడాదికి 5 లక్షల రూపాయల లోపు ఆదాయం ఉన్నవారినీ చేర్చారు. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షల రూపాయలకు పెరిగింది. 2024లో పథకం పేరు తిరిగి ఎన్టీఆర్ వైద్య సేవ అయింది.

మళ్ళీ కంపెనీల చేతికి

2025 సెప్టెంబరు 4న రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానానికి ఆమోదం తెలిపింది. దాని ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా 1.63 కోట్ల కుటుంబాలకు రెండున్నర లక్షల రూపాయల వరకు చికిత్స ఖర్చు బీమా కంపెనీల ద్వారా అందాలి. పేద కుటుంబాలకు ఆ పైన 25 లక్షల వరకు ట్రస్టు భరించాలి.

ఇందులో బ్రోకర్లు ఒక మంచి చూస్తున్నారు, ఒక చెడు చూస్తున్నారు.

మంచి ఏమిటంటే, ఇంతకాలం ఎటూ కాకుండా ఉన్నది మధ్య తరగతి కుటుంబమే. కిరాణా కొట్టు యజమాని, ప్రైవేటు బడి పంతులు గారు, నాలుగెకరాల రైతు. వారికి కింది మెట్టు ప్రభుత్వమే కడితే, పై మెట్టుకు మాత్రమే పాలసీ కొనుక్కోవచ్చు. మొదటి కొన్ని లక్షలు వదిలేసి ఆ పై ఖర్చు మాత్రమే చెల్లించే టాప్-అప్ పాలసీలకు ప్రీమియం తక్కువ. "మేము అమ్మేది మారుతుంది గాని, మా పని పోదు" అంటున్నారు వారు.

చెడు ఏమిటని అడిగితే భీమవరం బ్రోకరు గారు చెప్పిన జవాబు మమ్మల్ని ఆలోచింపజేసింది. "పెద్ద ఫ్యాక్టరీ తన ఉద్యోగులకు బీమా చేయిస్తే, క్లెయిము ఆగినప్పుడు ఫ్యాక్టరీ తరఫున బ్రోకరు వెళ్ళి కంపెనీతో పోట్లాడతాడు. వచ్చే ఏడాది వ్యాపారం పోతుందని కంపెనీ వింటుంది. ప్రభుత్వ పథకంలో కూలివాడి తరఫున పోట్లాడేదెవరు? టెండరు తక్కువ ధరకు పాడిన కంపెనీ, ఎక్కడ మిగుల్చుకోవాలా అని చూస్తుంది కదా!"

ట్రస్టు పద్ధతిలో కష్టాలు లేవని కాదు. 2025 అక్టోబరులో బకాయిలు చెల్లించాలని కోరుతూ స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం సేవలు నిలిపివేసిన సంగతి పాఠకులకు తెలుసు. ట్రస్టయినా కంపెనీయైనా డబ్బు సకాలంలో రాకపోతే మంచం మీద ఉన్న రోగికే నష్టం.

పాలకొల్లు దుకాణదారుని కథ

తప్పంతా కంపెనీలదే అనడమూ న్యాయం కాదు. పాలకొల్లు వైపు నుండి ఒక దుకాణదారుడు గుండె నొప్పితో మన ఆసుపత్రికి వచ్చాడు. రెండేళ్ళ క్రితం పాలసీ తీసుకున్నాడు. అప్పటికే ఆయనకు చక్కెర వ్యాధి ఉంది. "అది రాయకండి మావయ్య గారూ, ప్రీమియం పెరుగుతుంది" అని ఏజెంటు చెప్పాడట. ఆ దాచిపెట్టిన మాటే కారణంగా చూపి కంపెనీ క్లెయిము తిరస్కరించింది. ఏజెంటు ఫోను ఎత్తలేదు. ఇంటివారు బంగారం కుదువపెట్టి బిల్లు కట్టారు. కొంత భాగం మన పేదల నిధి నుండి సర్దాం. ఫారంలో ఒక్క గడి నిజంగా నింపి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

మీరు గుర్తుంచుకోవలసినవి

1. ఉన్న జబ్బును దాచవద్దు. 2024 నిబంధనల ప్రకారం ముందే ఉన్న జబ్బుకు గరిష్ఠంగా మూడేళ్ళు ఆగితే చాలు, ఆ తరువాత ఖర్చు ఇవ్వాలి.

2. ప్రభుత్వ పథకం వస్తుందని విని ఉన్న పాలసీని మానివేయకండి. మళ్ళీ తీసుకుంటే ఆగవలసిన కాలం మొదటి నుండి లెక్కిస్తారు.

3. పాలసీ చేతికి వచ్చాక 30 రోజుల్లో నచ్చకపోతే తిప్పి పంపవచ్చు. ఆ నెలలోనే చదివించుకుని వినండి.

4. మీ దగ్గరకు వచ్చినది ఏజెంటా, బ్రోకరా అడగండి. లైసెన్సు చూపమనండి. క్లెయిము రోజున ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాయించుకోండి.

5. నగదు రహిత చికిత్సకు అనుమతిపై కంపెనీ గంటలోపు జవాబు చెప్పాలి. అన్యాయం జరిగిందనుకుంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయండి. రుసుము లేదు, వకీలు అక్కర లేదు.

6. 155255 నంబరు బీమా నియంత్రణ సంస్థది. ఉచితంగా ఫోను చేయవచ్చు.

చివరిగా ఒక మాట

మంచి సమరయుని కథ మనందరికీ తెలిసినదే. గాయపడినవానికి కట్లు కట్టడంతో ఆయన ఊరుకోలేదు. పూటకూళ్ళవానికి రెండు దేనారములు ఇచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. ముందుగా కట్టిన సొమ్ము, మిగిలినదానికి హామీ, తిరిగి వస్తానన్న మాట. బీమా అంటే ఈ మూడూ ఉండాలి. ప్రభుత్వం సొమ్ము కట్టగలదు. కంపెనీ హామీ పత్రం ఇవ్వగలదు. తిరిగి వచ్చే మనిషి మాత్రం ఆరోగ్యమిత్రో, బ్రోకరో, సంఘంలోని చదువుకున్న పిల్లవాడో అయి ఉండాలి. కొత్త పథకంలో ప్రతి ఆసుపత్రిలోనూ రోగి తరఫున మాట్లాడే ఆ ఒక్క మనిషిని బలపరచాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం. అంతవరకు మన బిల్లుల కిటికీ దగ్గర ఆ పని మేమే చేస్తాం. కాగితాలు అర్థం కాకపోతే సంకోచించకుండా రండి.

ప్రభువు మీ కుటుంబాలను ఆరోగ్యముతో కాపాడును గాక.