తెడ్డు వదలని బిర్గిట్

వంటింట్లో అన్నం కలియబెట్టేదీ తెడ్డే, ఏటిలో పడవ నడిపేదీ తెడ్డే. తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి పడవ పందేల గొడవ ఎందుకని మీరు నవ్వవచ్చు. కాని బిర్గిట్ ఫిషర్ అనే జర్మన్ వనిత కథ తెలిసినప్పటినుంచీ తెడ్డు అనగానే నాకు ఆమే గుర్తుకు వస్తున్నది.

ఆమె పడవ పేరు కయాక్. తెడ్డుకు రెండు కొసలా రెక్కలుంటాయి. కుడి ఎడమలుగా నీళ్లు లాగుతూ గమ్యంవైపే ముఖం పెట్టి సాగాలి. ఆమె ఎక్కువగా పోటీచేసిన పందెం 500 మీటర్లు. దాదాపు రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఆ రెండు నిమిషాలకోసం నాలుగేండ్ల తపస్సు!

తూర్పు జర్మనీలో 1962లో పుట్టిన బిర్గిట్, 1980లో మాస్కో ఒలింపిక్సులో ఒంటరి పడవ పందెం గెలిచింది. అప్పటికి పద్ధెనిమిదేండ్ల పిల్ల. 1981, 82, 83 ప్రపంచ పోటీల్లోనూ ఆ పందెం ఆమెదే. ఇక 1984 లాస్ ఏంజెలెస్‌లో ఎదురేమున్నది? ఎదురు నీటిమీద రాలేదు. సోవియట్ రష్యాతోపాటు తూర్పు జర్మనీ ఆ క్రీడలను బహిష్కరించింది. ఇరవై రెండేండ్ల వయస్సులో, చేతుల్లో సత్తువ పొంగే రోజుల్లో, ఆమె ఇంట ఉండిపోయింది. స్వర్ణం స్వీడన్ యువతి అగ్నెటా ఆండర్సన్‌కు దక్కింది. పెద్దల పంతాలకు క్రీడాకారులు మూల్యం చెల్లించడం నాకెన్నడూ న్యాయంగా తోచదు. అయితే అగ్నెటా గెలుపు ఉత్తుత్తిది కాదు సుమా! 1996లో అట్లాంటాలో ఇద్దరు నడిపే పడవ పందెంలో ఆమె జంటే ముందు, బిర్గిట్ జంట వెనుక.

1986లో కొడుకు పుట్టాడు. మరుసటి ఏడే ప్రపంచ పోటీల్లో మళ్లీ స్వర్ణాలు! 1988లో సియోల్‌లో రెండు స్వర్ణాలు, ఒక రజతం తెచ్చుకొని, ఇక చాలునన్నది. 1989లో కూతురు. 1990లో తూర్పు జర్మనీ అనే దేశమే లేకుండా పోయింది. 1992లో బార్సిలోనాలో, ఏకమైన జర్మనీ తరఫున, ఇద్దరు బిడ్డల తల్లి ఒంటరి పడవలో మళ్లీ మొదటిది. 2000లో సిడ్నీ తరువాత మరోసారి సెలవు తీసుకున్నది. ఆ సెలవూ నిలవలేదు.

2004లో ఏథెన్సుకు వెళ్లేనాటికి ఆమెకు నలభై రెండేండ్లు. తన పడవలోని కరోలిన్ లియొన్‌హార్ట్ వయస్సు పందొమ్మిది. అంటే బిర్గిట్‌ను ఇంట కూర్చోబెట్టిన ఆ 1984లోనే పుట్టిన పిల్ల! నలుగురి పడవలో స్వర్ణం, ఇద్దరి పడవలో రజతం వచ్చాయి. మొత్తం ఎనిమిది స్వర్ణాలు, నాలుగు రజతాలు. ఆ ఎనిమిది లెక్కను 2024లో న్యూజిలాండ్ వనిత లిసా కారింగ్టన్ అందుకున్నది.

2008లో బీజింగులో నలుగురి పడవ స్వర్ణం మళ్లీ జర్మనీకే వచ్చింది. ఏథెన్సులో బిర్గిట్‌తో తెడ్డు వేసిన కత్రిన్ వాగ్నర్ ఆ పడవలోనూ ఉన్నది. ఆమెతోపాటు కూర్చున్న ఫానీ ఫిషర్, బిర్గిట్‌కు స్వయానా మేనకోడలు.