కడుపునొప్పి అని వచ్చే పిల్లలు – బడిలో మానసిక నిపుణుల అవసరం



మేడారం చుట్టుపక్కల ఊళ్ల నుండి, ఆశ్రమ పాఠశాలల నుండి పిల్లలు ఎక్కువగా జ్వరం, గజ్జి, రక్తహీనతతో ఆసుపత్రికి వస్తారు. వారికి ఏ మందు ఇవ్వాలో మాకు తెలుసు. కాని కొందరు పిల్లలు కడుపునొప్పి అని వస్తారు. పొట్ట పట్టి చూస్తే మెత్తగా ఉంటుంది. జ్వరం ఉండదు. పరీక్షలన్నీ మామూలుగానే వస్తాయి. అప్పుడు మనం "ఏమీ లేదు, పో" అని పంపేస్తాం. ఆ మాట ఎంత తప్పో ఒక అమ్మాయి నాకు నేర్పింది.

ఆ అమ్మాయి ఆరో తరగతి, హాస్టల్‌లో ఉండేది. ఒకే నెలలో మూడుసార్లు వచ్చింది. ప్రతిసారీ నొప్పి సాయంత్రమే మొదలయ్యేది. మొదటి రెండుసార్లు బిళ్ల ఇచ్చి, "నీళ్లు బాగా తాగు" అని చెప్పి పంపాను. మూడోసారి డాక్టరుగారు రావడం ఆలస్యమైంది. నా పక్కన కూర్చుని దూది ఉండలు చేస్తూ ఉంది. "రాత్రయితే భయమైతదా బిడ్డా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తల ఎత్తకుండానే, "పక్క తడుస్తంది సిస్టర్. అందరు నవ్వుతున్నరు" అంది.

చిన్నప్పుడే మానిన అలవాటు మళ్లీ మొదలైంది. ఆమెను పెంచిన అమ్మమ్మ చనిపోయిన తరువాతే ఇది వచ్చింది. ఎవరూ లేవకముందే దుప్పటి ఉతుక్కునేది. మధ్యాహ్నం నుండి నీళ్లు తాగడం మానేసింది. నేను ఇచ్చిన సలహాయే ఆమెకు అన్నిటికంటే భయం! మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు, మలబద్ధకం లేవని డాక్టరుగారు నిర్ధారించారు. వార్డెనమ్మ ఆమె పడకను తలుపు దగ్గరకు మార్చి, రాత్రి ఒకసారి లేపడం మొదలుపెట్టారు. నవ్విన పిల్లలతో విడిగా మాట్లాడారు. అమ్మమ్మ గురించి చెప్పుకోవడానికి ఆ అమ్మాయికి ఒక మనిషి దొరికింది. కొన్ని వారాలకు కడుపునొప్పి పోయింది. పక్క తడవడం ఆగడానికి ఇంకా కొంత కాలం పట్టింది.

ఆ రోజు డాక్టరుగారు త్వరగా వచ్చి ఉంటే నేను మూడోసారి కూడా బిళ్లే ఇచ్చేదాన్ని. ఇలా అడగడం, వినడం, కారణం వెతకడం అనే పనిని చదువుకుని చేసేవారే స్కూల్ సైకాలజిస్టులు.

స్కూల్ సైకాలజిస్టు అంటే ఎవరు?

మనస్తత్వశాస్త్రం చదివి, బడి పిల్లల చదువు, ప్రవర్తన, భావాల మీద శిక్షణ పొందిన వారు. సైకియాట్రిస్టు వేరు. ఆయన ఎం.బి.బి.ఎస్. తరువాత మానసిక వైద్యం చదివిన డాక్టరు, మందులు రాస్తారు. సైకాలజిస్టు మందులు రాయరు. మాటలతో, పరీక్షలతో, శిక్షణతో సహాయం చేస్తారు. సైకాలజిస్టు దగ్గరకు వెళ్లినంత మాత్రాన మీ బిడ్డకు పిచ్చి అని అర్థం కాదు.

ఈ పని మొదలైనదే ఒక బడి పిల్లవాడితో. 1896లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో లైట్నర్ విట్మర్ అనే మనస్తత్వవేత్త దగ్గరకు ఒక టీచరమ్మ తన విద్యార్థిని తీసుకువచ్చింది. ఎంత చెప్పినా అక్షరదోషాలు లేకుండా రాయలేకపోతున్నాడని ఆమె బాధ. పరీక్షిస్తే కంటిచూపులో లోపం ఉంది. అద్దాలు పెట్టి, ప్రత్యేకంగా చదువు చెప్పారు. మొద్దు అని వదిలేయకుండా కారణం వెతకడమే ఈ వృత్తికి పునాది.

బడిలో వారు చేసే పనులు

1. పిల్లవాడిని ఒంటరిగా కూర్చోబెట్టి వింటారు. తరగతిలో, ఆటలో, భోజనం దగ్గర ఎలా ఉన్నాడో గమనిస్తారు.

2. చదువు రాకపోతే కారణం చూస్తారు. ముందు కన్ను, చెవి పరీక్ష చేయిస్తారు. కొందరికి తెలివి ఉన్నా చదవడం, రాయడం కష్టమవుతుంది. వారికి బోధించే పద్ధతి మార్చాలి.

3. కోపం, భయం, దుఃఖం ఎలా పట్టుకోవాలో, వద్దనిపించినదానికి "వద్దు" అని ఎలా చెప్పాలో తరగతి మొత్తానికి నేర్పుతారు.

4. టీచర్లకు, తల్లిదండ్రులకు ఆ పిల్లతో ఎలా మెలగాలో చెబుతారు.

5. అవసరమైతే సైకియాట్రిస్టు దగ్గరకు పంపుతారు.

పిల్లలు చెప్పిన మాట రహస్యంగా ఉంచుతారు. అయితే ప్రాణానికి ప్రమాదం ఉన్నప్పుడు సంబంధించిన పెద్దలకు చెప్పక తప్పదు. పిల్లలపై లైంగిక వేధింపులు జరిగాయని తెలిస్తే పోలీసులకు తెలియజేయాలని 2012 నాటి పోక్సో చట్టం చెబుతోంది. ఈ బాధ్యత వారికే కాదు, మనందరికీ ఉంది.

మన ప్రాంతపు పిల్లల సంగతి

మన దగ్గర చాలామంది పిల్లలు ఇంట్లో కోయ భాష మాట్లాడతారు. బడికి వస్తే పుస్తకమూ, టీచరూ వేరే భాష. మాట్లాడని పిల్లవాడిని చూసి "వీడికి ఏమీ రాదు" అంటాం. వాడికి రానిది భాష మాత్రమే కావచ్చు. తెలియని భాషలో తెలివి పరీక్ష పెడితే ఫలితం తప్పే వస్తుంది. అందుకే ఇంటి భాష తెలిసినవారు ఒకరు పక్కన ఉండాలి.

రెండవది హాస్టల్. చిన్న వయసులోనే ఇల్లు వదిలి వస్తారు. జాతరకో, పండుగకో ఇంటికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు ఏడుపు, కడుపునొప్పి, తలనొప్పి ఎక్కువ అవుతాయి. కొద్ది రోజుల్లో తగ్గితే అది బెంగ. వారాలు గడిచినా తగ్గకపోతే కారణం వెతకాలి.

మేడారం జాతరలో బిడ్డను తక్కెడలో కూర్చోబెట్టి ఎత్తు బెల్లం, అంటే ‘బంగారం’, సమర్పించే మొక్కు అందరికీ తెలిసిందే. మీ మొక్కులు మీరు తీర్చుకోండి. కాని ఒంటి బరువు తూచినట్టే బిడ్డ మనసులోని బరువు ఎంతో కూడా అడిగి తెలుసుకోండి.

చట్టం ఏం చెబుతోంది?

2009 నాటి విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుకుంటున్న ఒక విద్యార్థిని 2023లో మరణించింది. ఆ కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులు ఉన్నచోట శిక్షణ పొందిన కౌన్సెలరు, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కరు కనీసం ఒకరు ఉండాలి. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. మార్కులను బట్టి పిల్లలను వేరు చేయడం, నలుగురిలో అవమానించడం చేయరాదు. మీ పిల్లల బడిలో ఆ నిపుణులు ఎవరు అని తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. అడగడం మీ హక్కు.

నిపుణులు వచ్చేలోగా మనమేం చేయాలి?

ఈ లక్షణాలు రెండు వారాలకు మించి ఉంటే పట్టించుకోండి: నిద్ర, తిండి తగ్గడం, స్నేహితులకు దూరంగా ఉండడం, ఉన్నట్టుండి మార్కులు పడిపోవడం, ఊరికే కోపం, ఏడుపు, బడి సమయానికే నొప్పులు, మానిన పక్క తడపడం మళ్లీ మొదలవడం.

ఈ లక్షణాలు కనబడితే అదే రోజు సహాయం పొందండి: "నేను లేకపోతే అందరికీ హాయి" వంటి మాటలు, చేతి మీద కోసుకున్న గాట్లు, ఇష్టమైన వస్తువులు పంచిపెట్టడం.

మాట్లాడేటప్పుడు నలుగురిలో అడగకండి. ఎదురుగా నిలబెట్టి కాకుండా పక్కన కూర్చుని, ఏదో పని చేసుకుంటూ అడగండి. "ఎందుకు చదవట్లేదు?" అని కాదు, "ఈ మధ్య నీకు ఏది కష్టంగా ఉంది?" అనండి. జవాబు రాకపోతే మరునాడు మళ్లీ అడగండి. "ఇంతదానికే ఏడుస్తారా?" అనకండి. ఇతర పిల్లలతో పోల్చకండి.

చనిపోవాలని అనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది అనుకుంటారు. అలా పుట్టదు. అడిగినందువల్ల పిల్లలకు చెప్పుకునే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకండి. పత్తికి, మిరపకు కొట్టే పురుగుమందును ఇంట్లో చేతికందేలా ఉంచకండి. పెట్టెలో పెట్టి తాళం వేయండి.

సహాయం ఎక్కడ దొరుకుతుంది?

టెలీమానస్ 14416 నంబరుకు ఏ ఫోను నుండైనా ఉచితంగా, రాత్రింబవళ్లు మాట్లాడవచ్చు. తెలుగులో జవాబిస్తారు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన సేవ ఇది. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098. ప్రాణాపాయం ఉంటే 108. వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. మేడారం నుండి అది దాదాపు వంద కిలోమీటర్లు. అంత దూరం పోలేని రోజున కూడా ఫోను మన చేతిలో ఉంది. ఈ నంబర్లు హాస్టల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి.

గుర్తుంచుకోండి

• కారణం కనబడనంత మాత్రాన నొప్పి అబద్ధం కాదు. ముందు శరీరానికి పరీక్ష చేయించండి, తరువాత మనసును అడగండి.

• పక్క తడిపిన పిల్లను తిట్టకండి, నవ్వకండి. పగలంతా నీళ్లు తాగనివ్వండి, పడుకోబోయే ముందు మాత్రం తగ్గించండి.

• ఒకే నొప్పితో రెండోసారి వచ్చిన బిడ్డను "ఏమీ లేదు" అని పంపకండి. పది నిమిషాలు పక్కన కూర్చోండి. నేను రెండోసారే కూర్చుని ఉంటే ఆ అమ్మాయికి కొన్ని రాత్రుల బాధ తప్పేది.