మీకు తెలుసా? సెలవుల ఫొటోలకు ముందు వెలుగు, తర్వాతే కెమెరా

సెలవులకు కడప వైపు వచ్చినవాళ్లు చిలమకూరు అగస్త్యేశ్వరుడి గుడి చూసి, జమ్మలమడుగు మీదుగా గండికోటకు, వీలైతే బెలుం గుహల దాకా వెళ్లిరావడం మామూలే. చేతిలో ఫోనో, కొత్తగా కొన్న కెమెరానో ఉంటుంది. ఏ లెన్సు కొనాలని అడిగే ముందు వెలుగు ఎటునుంచి పడుతోందో చూడటం అలవాటైతే, ఉన్న పరికరంతోనే మంచి ఫొటోలు వస్తాయి. ఈ దారిలో అక్కరకొచ్చే సంగతులు కొన్ని.

శాసనాన్ని ఎదురు వెలుగులో తీస్తే అక్షరం కనబడదు

తొలి తెలుగు శాసనంగా పేరుపొందిన కలమళ్ల శాసనం క్రీ.శ. 575 నాటిదని చరిత్రకారులు చెబుతారు. దాన్ని వేయించినవాడు రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు. చిలమకూరులోనూ రేనాటి చోళుల శాసనం ఉంది. రెండు ఊళ్లూ ఎర్రగుంట్ల మండలంలోవే. ఇలాంటి అరిగిన రాతిమీద ఎదురుగా ఫ్లాష్ కొడితే బండ తప్ప ఏమీ కనబడదు. వెలుగు పక్కనుంచి, రాతిని రాసుకుంటూ ఏటవాలుగా పడాలి. అప్పుడే చెక్కిన ప్రతి గీతలోనూ నీడ నిలుస్తుంది. రాయి నీడపట్టున ఉంటే ఒకరు పక్కనుంచి టార్చి పట్టాలి, ఇంకొకరు ఫొటో తీయాలి. ఫోను కదపకుండా, టార్చి చోటు మార్చుతూ నాలుగైదు తీస్తే ఒకదాంట్లో కనబడని గీత మరోదాంట్లో దొరుకుతుంది. ఇలా రకరకాల దిక్కుల వెలుగులో తీసిన ఫొటోలను కంప్యూటరులో కలిపి చూసే పద్ధతిని హెచ్‌పీ ల్యాబ్స్‌లోని టామ్ మాల్జ్‌బెండర్ బృందం 2001లో ప్రకటించింది. పాత రాతల్ని చదివే పండితులకు అది నేటికీ పనికొస్తోంది.

గండికోట ఎరుపు ఉదయం, సాయంత్రమే ఎందుకు పండుతుంది?

సూర్యుడు దిగువన ఉన్నప్పుడు కిరణాలు గాలిపొరలో ఎక్కువ దూరం ప్రయాణిస్తాయి. దారిలో నీలిరంగు చెదిరిపోయి పసుపు, ఎరుపు ఎక్కువగా మిగులుతాయి. పెన్న కోసుకుపోయిన ఆ లోయ గోడలది క్వార్ట్‌జైట్ రాయి. భూగర్భ శాస్త్రంలో ఆ రాతిపొరకు పేరే గండికోట క్వార్ట్‌జైట్. ఉదయం, సాయంత్రం గంటసేపు ఆ రాయి ఎర్రగా వెలుగుతుంది, బండల మధ్య నీడలు లోతును చూపిస్తాయి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు అదే లోయ చదునుగా, వెలిసిపోయినట్టు వస్తుంది. అంచుకు పోయి సెల్ఫీ తీసుకోవద్దు. నాలుగడుగులు వెనక నిలబడితేనే మనిషీ లోయా ఫ్రేములో కుదురుతాయి.

నాపరాయి మంచి కొలబద్ద

ఎదురుగా ఏమున్నా సగటున మధ్యస్థపు బూడిద రంగేనని కెమెరా మీటరు లెక్క వేస్తుంది. అందుకే తెల్ల సున్నం గోడ మాసినట్టు వస్తుంది, నల్లరాతి విగ్రహం తెల్లబారుతుంది. ఫొటోగ్రాఫర్లు దీనికోసం బూడిద రంగు అట్ట కొంటారు. మన వైపు అడుగడుక్కీ ఉండే పొడి నాపరాయి ఆ పనికి ఉజ్జాయింపుగా సరిపోతుంది. మనిషి మీద పడే వెలుగే పడుతున్న బండపై ఫోను తెరను నొక్కిపట్టి, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, తర్వాత మనిషిని తీయండి. మీటరే లేని కెమెరా అయితే నిండు ఎండకు పాత సూత్రం ఒకటుంది: ఎపర్చర్ ఎఫ్/16, ఐఎస్ఓ 100 అయితే షట్టర్ సెకనులో 100వ వంతు, ఐఎస్ఓ 200 అయితే 200వ వంతు.

గోపురం వెనక్కి వాలదు, ఫోనే పైకెత్తుతాం

గండికోట మాధవరాయ ఆలయ గోపురం దగ్గర నిలబడి ఫోను పైకెత్తితే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. దూరం జరిగి, ఫోను నిటారుగా పట్టుకుంటే సరి. జరగడానికి చోటు లేకపోతే చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీసి, ఎడిటింగులో పర్‌స్పెక్టివ్ సరిచేయవచ్చు.

ముఖం దగ్గరకు ఫోను పెట్టకండి

ఫోన్లలో ప్రధాన కెమెరా సాధారణంగా 24 నుంచి 26 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సుకు సమానం. మరీ దగ్గరగా తీస్తే ముక్కు పెద్దదై, చెవులు వెనక్కి పోతాయి. అవ్వాతాతల ఫొటో తీసేటప్పుడు రెండు మీటర్లు వెనక్కి జరిగి 2ఎక్స్ నొక్కండి.

బెలుంలో ఫ్లాష్ ఎందుకు పనికిరాదు?

భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1884లో బెలుం గుహల గురించి రాశాడు. డేనియల్ గెబావర్ నేతృత్వంలోని జర్మన్ బృందం 1980లలో లోపలంతా కొలిచింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు; సందర్శకులకు తెరిచింది సుమారు ఒకటిన్నర కిలోమీటరు. అంత పెద్ద గుహలో ఫోను ఫ్లాష్ నాలుగైదు మీటర్లు దాటి పోదు, దగ్గరి రాయి తెల్లబారి గుహ నల్లబడుతుంది. ఫ్లాష్ ఆపి, నైట్ మోడ్ పెట్టి, మోచేతులు ఒంటికి ఆనించి ఊపిరి బిగబట్టి తీయండి. పసుపు లైట్ల రంగు మరీ ముదిరితే వైట్ బ్యాలెన్సును నీలం వైపు కొద్దిగా జరపండి. గుహ లోపల ఉక్క. ఏసీ కారులోంచి నేరుగా దిగితే చల్లటి లెన్సుపై ఆవిరి పడుతుంది. పది నిమిషాల ముందే కెమెరాను బయటి గాలికి అలవాటు చేయండి.

ఎండలో ఫోను ఎందుకు మొరాయిస్తుంది?

ఐఫోన్లను 35 డిగ్రీల లోపు వాతావరణంలో వాడమని ఆపిల్ చెబుతుంది. కడప వేసవి 40 దాటుతుంది. అందుకే ఫోను తెర మసకబారుతుంది, ఫ్లాష్ ఆగిపోతుంది. కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి, ఫ్రిజ్‌లో అసలే పెట్టకండి. కవరు తీసి నీడన ఉంచితే చాలు.

మాయాబజార్ వెన్నెల ఆకాశంలోది కాదు

కడప జిల్లావాడైన బి. నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన 1957 నాటి ఆ సినిమాలో పడవ పాటకు వెన్నెల కురిపించింది ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. వెలుగును ఎక్కడ పెట్టాలో, ఎక్కడ ఆపాలో తెలియడమే ఆయన విద్య. కొత్తగా నేర్చుకునేవారు ఆ పాటను ధ్వని లేకుండా ఒకసారి చూడాలి.

ఎడిటింగుకో వరుస ఉంది

మొదట దిగంతరేఖ వంకర సరిచేయండి. తర్వాత అనవసరమైన అంచులు కత్తిరించండి. ఆ తర్వాత ఎక్స్‌పోజర్, మరీ తెల్లబారిన చోట హైలైట్స్ తగ్గింపు, వైట్ బ్యాలెన్స్. రంగు పెంచడం చివరి పని, అదీ కొద్దిగానే. శాచురేషన్ ఎక్కువైతే గండికోట రాతి గరుకుదనం పోయి ఎర్రముద్ద మిగులుతుంది. ఇదంతా ఉచితంగా దొరికే స్నాప్‌సీడ్‌లో చేయొచ్చు. ఫోనులో రా (RAW, సెన్సరు ఇచ్చే ముడి ఫైలు) సదుపాయం ఉంటే వాడండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే, 12 బిట్ల రా ఫైల్లో 4,096. చీకటిలో మునిగిన ముఖాన్ని పైకి తేవడానికి ఆ మెట్లే ఆధారం.

వాట్సాప్‌లో ఫొటో చిక్కిపోతుంది

మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదిస్తుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫైలే వెళుతుంది. అయితే తీసిన చోటు వివరం కూడా అందులో ఉండొచ్చు. ఇంటి ఫొటోలు కొత్తవారికి పంపేటప్పుడు లొకేషన్ తీసేయండి.

చివరగా ఒక విన్నపం. శాసనం బాగా కనబడాలని సుద్ద పూయడం, నూనె రాయడం, గీకడం చేయకండి. రాయి ఆ దెబ్బనుంచి కోలుకోదు. పక్కన ఒక స్కేలు పెట్టి, ఏటవాలు వెలుగులో తీసి, ఊరి పేరు, తేదీ రాసి అసలు ఫైలు దాచండి. మీ ఊరి గుడి ముందు పేరు తెలియని రాయి ఏదైనా ఉంటే ఈ సెలవుల్లో మొదటి ఫొటో దానిదే తీయండి.