ఊరికి వచ్చే పాఠం: కళాజాతా

పాట, నాటిక, బుర్రకథ పట్టుకుని ఒక బృందం ఊరూరా తిరుగుతూ చదువు, ఆరోగ్యం, విజ్ఞానం గురించి జనానికి చెప్పే పద్ధతి కళాజాతా. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు 1980లో దీన్ని మొదలుపెట్టింది. 1990లో భారత జ్ఞాన విజ్ఞాన జాతా దేశమంతా తిప్పింది. తెలుగునాట జనవిజ్ఞాన వేదిక అందుకుంది.

తెలుగువారికి ఇది బొత్తిగా కొత్త కాదు. 1943లో పుట్టిన ప్రజానాట్యమండలి అప్పటికే పల్లెల్లో ఆ బాట వేసింది. ఆ మండలి కళాకారుడు షేక్ నాజర్ నోట బుర్రకథ అల్లూరి సీతారామరాజు కథే కాదు, బెంగాల్ కరువునూ చెప్పింది. బుర్రకథలో తంబూరా పట్టిన కథకుడికి ఇటొకరు అటొకరు వంతలుంటారు. ఒకరు రాజకీయం చెబితే ఇంకొకరు హాస్యం చెబుతారు. ఊళ్లో మనిషికి వచ్చే అనుమానాలన్నీ ఆ హాస్యగాడే అడుగుతాడు. తనకు తెలియదని నలుగురిలో ఒప్పుకోలేని మనిషి, తన బదులు అతను అడుగుతుంటే నవ్వుతూ వింటాడు. ఈ కళకున్న అసలు బలం అదే.

ఆ తర్వాత ప్రకాశం జిల్లా పడమటి భాగంలో చేరిన మార్కాపురం, గిద్దలూరు 1970 దాకా కర్నూలు జిల్లాలోవి. అలాగే చేరిన కనిగిరి, పొదిలి అప్పటిదాకా నెల్లూరు జిల్లాలోవి. ఆ నెల్లూరులోనే 1990ల మొదట్లో సాక్షరతా ఉద్యమం నడిచింది. కళాజాతాలు జనాన్ని కదిలించాయి, రాత్రి బడులు అక్షరాలు నేర్పాయి. ఆ బడుల వాచకంలోని పాఠాలు చదివిన దూబగుంట అనే ఊరి ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

మార్కాపురం, పొదిలి వైపు కళాజాతాతో ఇలా చెప్పాల్సిన విషయాలకు కొదవ లేదు. పలకలకు పేరుపడ్డ మార్కాపురంలోనే, ఆ పలకల పనిలో పడి బడికి దూరమైన పిల్లల సమస్య చాలాకాలం ఉంది. మరో పాత సమస్య తాగునీటిలోని ఫ్లోరైడు. పొదిలి, దర్శి ప్రాంతపు రోగులను పరిశీలించిన డాక్టర్లు 1937లోనే దాని గురించి రాశారు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ అంకె ఊళ్లో ఎవరికీ గుర్తుండదు. అదే నటుడొకడు ముందుకొచ్చి గడ్డాన్ని ఛాతీకి ఆనించబోయి ఆగిపోతే, వంగి కాలివేళ్లు అందుకోబోయి నడుం పట్టుకుంటే, చూసేవాళ్లు ఇళ్లలోని పెద్దవాళ్లను తలుచుకుంటారు. వ్యాధి ముదిరితే మెడ, వెన్ను బిగుసుకునే తీరు అదే. పిల్లల పళ్లమీది గోధుమ మచ్చలు తోమితే పోయే గార కాదనీ, నీళ్లు మరగబెడితే క్రిములు చస్తాయే గానీ ఫ్లోరైడు పోదనీ, ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుందనీ ఒక చిన్న నాటికతో చెప్పేయొచ్చు. గోడమీద అంటించిన కాగితం ఇంత చెప్పలేదు, చదవడం రానివాళ్లకైతే అసలే చెప్పలేదు.

బృందం తెల్లారేసరికి మరో ఊరికి వెళ్లిపోతుంది. చూసిన ఉత్సాహం నాలుగు రోజులకు మించి నిలవాలంటే ఊళ్లోనే బడి నడిపే కార్యకర్త ఉండాలి, బోరు నీళ్లు పరీక్ష చేయించే మనిషి ఉండాలి. ఫ్లోరైడు విషయంలో అదీ చాలదు. ఏ బోరు నీళ్లు తాగకూడదో తెలిసినవాళ్లకు తాగే నీళ్లు ఇంకో చోటి నుంచి రావాలి. శ్రీశైలం జలాశయం నుంచి నల్లమల కింద సొరంగాల గుండా కృష్ణా నీటిని ఈ ప్రాంతానికి తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన 1996లో జరిగింది.